చెయ్యి ముందు ఆగాలి, తర్వాతే కదలాలి: క్విక్ కమాండ్ మోషన్ గేముల్లో లైఫ్‌లు పోకుండా ఆడటం ఎలా

టీవీ మీద ఒక్క మాట పడుతుంది, పట్టుకో అనో తప్పించుకో అనో, చేతిలో కంట్రోలర్ ఉంటుంది, నాలుగైదు సెకన్లలో ఆ పని అయిపోవాలి, అవ్వకపోతే ఒక లైఫ్ పోతుంది, ఊపిరి తీసుకునేలోపు ఇంకో మాట పడుతుంది. నింటెండో కంపెనీ చేసే వారియోవేర్ ఆటలు ఆడినవాళ్ళకి ఈ కంగారు బాగా తెలుసు. 2003లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద బటన్లతో మొదలైన సిరీస్ ఇది, మరుసటి ఏడు ట్విస్టెడ్ అనే భాగంలో క్యాట్రిడ్జ్‌లోనే తిరగడాన్ని పట్టుకునే గైరో సెన్సార్ పెట్టి మొత్తం కన్సోల్‌నే తిప్పి ఆడేలా చేశారు, నింటెండో వీ కన్సోల్ వచ్చాక స్మూత్ మూవ్స్‌తో (జపాన్‌లో 2006 డిసెంబర్, అమెరికాలో 2007 జనవరి) లేచి నిలబడి ఒళ్ళంతా కదిపి ఆడే ఆటైపోయింది, 2023 నవంబర్‌లో నింటెండో స్విచ్ కన్సోల్ మీద మూవ్ ఇట్ వచ్చింది, దాంట్లో 200కి పైగా మైక్రోగేములు, అంటే సెకన్లలో అయిపోయే చిట్టి ఆటలు, ఉన్నాయి.

ఈ ఆటలో ఓడిపోయేవాళ్ళని పక్కన కూర్చుని చూడండి, చేతులు స్లోగా ఉండి ఓడిపోయేవాళ్ళు చాలా తక్కువ. కమాండ్ రాకముందే చెయ్యి కదిలిపోతూ ఉండటం వల్లే ఎక్కువ మంది ఓడిపోతారు. నేను కూడా చాలా రోజులు స్పీడ్ పెంచుకోవాలనే ప్రాక్టీస్ చేశాను, ఏం లాభం లేదు, చెయ్యి ఆపడం నేర్చుకున్నాకే స్కోరు కదిలింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, ముందే చెప్పేస్తున్నా.

ముందు గది, తాడు, టీవీ

ఇది బోరింగ్ పార్టే కానీ దాటెయ్యకండి. రెండు చేతులూ పక్కలకి పూర్తిగా చాపి ఒకసారి గుండ్రంగా తిరగండి, దేనికీ తగలకూడదు, పైకెత్తితే ఫ్యానూ లైటూ తగలకూడదు. ఇద్దరు ఆడుతుంటే ఇద్దరూ అలాగే చేసి చూసుకోండి, ఎందుకంటే ఆట మధ్యలో పక్కన మనిషి ఉన్నాడనే ధ్యాస అస్సలు ఉండదు.

తర్వాత మణికట్టు తాడు. వేసుకుని బిగించండి, చేతికి వేలాడుతూ ఉంటే వేసుకున్నట్టు కాదు. వీ అమ్మకానికి వచ్చిన కొత్తల్లోనే తాళ్ళు తెగి రిమోట్లు ఎగిరిపోతున్నాయని 2006 డిసెంబర్‌లో నింటెండో దాదాపు 32 లక్షల తాళ్ళు మార్చి ఇస్తామని చెప్పాల్సొచ్చింది, అంత గట్టిగా విసిరేస్తారు జనం. స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్‌కి తాడు ఎక్కించేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది, తాడు పట్టీ మీద ప్లస్ గానీ మైనస్ గానీ గుర్తు ఉంటుంది, ప్లస్ ఉన్నది ప్లస్ బటన్ ఉన్న కంట్రోలర్‌కే, మైనస్ ఉన్నది మైనస్‌కే. తిరగేసి తోసేస్తే ఇరుక్కుపోయి బయటికి రావడానికి చుక్కలు చూపిస్తుంది. అరచేతులకి చెమట పట్టేవాళ్ళు పక్కన ఒక చిన్న టవల్ పెట్టుకోండి, రెండు మూడు రౌండ్లకి ఒకసారి తుడుచుకుంటే పట్టు జారదు.

టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మని అందంగా చూపించడానికి లోపల ఏదో ఒక ప్రాసెసింగ్ చేస్తూ ఉంటుంది, దానివల్ల బొమ్మ కాస్త లేటుగా వస్తుంది, సినిమా చూసేటప్పుడు తెలీదు గానీ ఇలాంటి ఆటలో మీరు కరెక్ట్‌గా చేసినా లేటైపోయినట్టు ఉంటుంది. చాలామంది కంట్రోలర్ పాడైందనుకునేది దీనివల్లే. నాకు తెలిసి ఖర్చు లేకుండా స్కోరు పెరిగే పని ఇదొక్కటే.

కంట్రోలర్‌కి ఏం తెలుసు, ఏం తెలీదు

ఇది అర్థమైతే సగం ఆట వచ్చేసినట్టే, అందుకే కొంచెం పెద్దగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

జాయ్‌కాన్ లోపల కదలికని పట్టే సెన్సార్లు రెండుంటాయి. ఒకటి యాక్సెలరోమీటర్, అది వేగంలో వచ్చే మార్పుని పట్టుకుంటుంది, భూమి లాగుతున్న బలం కూడా దానికి ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది, అందుకే చెయ్యి కదలకుండా ఉన్నప్పుడు నేల ఎటువైపుందో అది కరెక్ట్‌గా చెప్పగలదు. రెండోది గైరోస్కోప్, అది ఎటు తిరుగుతోంది, ఎంత వేగంగా తిరుగుతోంది అనేది చూస్తుంది. వీ రిమోట్‌లో మొదట యాక్సెలరోమీటర్ ఒక్కటే ఉండేది, గైరో 2009లో రిమోట్‌కి తగిలించుకునే మోషన్‌ప్లస్‌తో వచ్చింది. టీవీ మీద పెట్టే సెన్సార్ బార్ అని అంటారే, దాంట్లో నిజానికి సెన్సారే లేదు, రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి అంతే, చూసే కెమెరా రిమోట్ ముందు భాగంలో ఉంటుంది. కిటికీలోంచి ఎండ పడుతున్న గదిలో వీ పాయింటర్ పిచ్చిపిచ్చిగా గెంతుతుంది అంటే కారణం అదే, కర్టెన్ వేసేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ రెండు సెన్సార్లకీ మీ చెయ్యి గదిలో ఎక్కడుందో తెలీదు. చెయ్యి భుజం దగ్గరుందా నడుం దగ్గరుందా అనేది వాటికి కనిపించదు. కంట్రోలర్ ఎటు వంగి ఉంది, ఎంత జోరుగా కదిలింది, ఎంత తిరిగింది, ఇంతే. అందుకే పోజులో (కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో ఆటకి ముందు స్క్రీన్ మీద బొమ్మలో చూపిస్తారు, అదే పోజు) చెయ్యి కరెక్ట్ చోట పెట్టడం కంటే కంట్రోలర్‌ని కరెక్ట్‌గా వంచి పట్టుకోవడం ఎక్కువ ముఖ్యం. బొమ్మలో చెయ్యి నడుం మీదుంటే మీది కొంచెం పైకున్నా పర్లేదు, కానీ కంట్రోలర్ ముక్కు ఎటు చూస్తోందో అది మాత్రం బొమ్మలో ఉన్నట్టే ఉండాలి.

ఇంకొకటి. మీరు చేతిని కుడివైపుకి ఒక్కసారి విసిరారనుకోండి, మీకు అది ఒకే కదలిక. యాక్సెలరోమీటర్‌కి అలా కాదు, మొదలైనప్పుడు కుడివైపు ఒక తోపు, ఆగినప్పుడు ఎడమవైపు ఇంకో తోపు, రెండూ కనిపిస్తాయి. దీనికి తోడు మనం గట్టిగా కొట్టేముందు చెయ్యి వెనక్కి లాగుతాం కదా, రాయి విసిరేటప్పుడు లాగినట్టు, ఆ వెనక్కి లాగడమే ఒక కదలికగా ముందు నమోదైపోయే ఛాన్సుంది. కుడికి కొట్టమంటే ఎడమకి కొట్టినట్టు గేమ్ అనుకునేది ఇలాగే. మందు ఏంటంటే, వెనక్కి లాగకుండా ఉన్నచోటి నుంచే మణికట్టుతో చిన్నగా విదిలించడం. తడి చేతిని నీళ్ళు పోయేలా విదిలిస్తాం చూడండి, అంత చాలు, భుజం కదలక్కర్లేదు.

ఆడేముందు ఒకసారి క్యాలిబ్రేట్ చేసుకోండి, అంటే సెన్సార్లని సరిచేసుకోవడం. స్విచ్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, కంట్రోలర్స్ అండ్ సెన్సార్స్, అందులో మోషన్ కంట్రోల్స్ క్యాలిబ్రేషన్ ఉంటుంది, కంట్రోలర్‌ని గట్టి బల్ల మీద పెట్టి స్క్రీన్ చెప్పినట్టు చెయ్యడమే. పరుపు మీదా సోఫా మీదా పెట్టి చెయ్యొద్దు. కొత్త స్విచ్ 2 కొన్నవాళ్ళకి ఒక మాట, దాని జాయ్‌కాన్ 2లో ఇన్‌ఫ్రారెడ్ కెమెరా లేదు, మూవ్ ఇట్‌లో కొన్ని ఆటలు ఆ కెమెరా ముందు చెయ్యి చూపించి ఆడాలి, కాబట్టి పాత జాయ్‌కాన్లు ఎవరికీ ఇచ్చెయ్యకండి.

పోజులోకి రండి, కానీ బిగుసుకుపోకండి

ఈ ఆటల్లో కమాండ్ కంటే ముందు పోజు చెప్తారు. స్మూత్ మూవ్స్‌లో రిమోట్‌ని ఫామ్ బేటన్ అని పిలుస్తారు, ప్రశాంతమైన గొంతొకటి యోగా టీచర్‌లాగా ఎలా పట్టుకోవాలో వివరిస్తుంది. అంబ్రెల్లా అంటే గొడుగులా నిలువుగా, ఎలిఫెంట్ అంటే ముక్కు దగ్గర తొండంలా, మోహాక్ అంటే నెత్తి మీద, బిగ్ చీజ్ అంటే నడుం మీద. ఆ వివరణ మొదటిసారి పూర్తిగా వినండి, స్కిప్ కొట్టెయ్యకండి, ఎందుకంటే ఆ పోజులో ఏ కదలిక అడగబోతున్నారో సగం హింట్ అక్కడే ఉంటుంది. గొడుగులా పట్టుకోమన్నప్పుడు అడిగేది చాలావరకు వంచడం, లేకపోతే నిలబెట్టడం. నెత్తి మీద పెట్టమంటే అడిగేది చాలావరకు కూర్చుని లేవడం. పోజు తెలిస్తే రాబోయే కమాండ్ పది రకాలు కాకుండా రెండు మూడు రకాలకి తగ్గిపోతుంది, మెదడు ఎంచుకోవాల్సినవి తగ్గేకొద్దీ రియాక్షన్ త్వరగా వస్తుంది, అది అందరి మెదడుకీ ఒకటే లెక్క.

పోజులో నిలబడ్డాక మోకాళ్ళు కొద్దిగా వంచండి, పాదాలు భుజాల వెడల్పులో, కంట్రోలర్‌ని కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి. గట్టిగా పిసికేస్తే చెయ్యి సన్నగా వణుకుతుంది, ఆ వణుకు మీకు తెలీదు గానీ సెన్సార్‌కి తెలుస్తుంది.

కమాండ్ చదవడం కాదు, గుర్తుపట్టడం

కమాండ్లు చాలావరకు ఒక్క ఇంగ్లీష్ క్రియాపదం, డాడ్జ్, క్యాచ్, బ్యాలెన్స్ ఇలాంటివి. దాన్ని చదివి, అర్థం ఆలోచించి, ఏం చెయ్యాలో నిర్ణయించి, అప్పుడు చేస్తే టైమ్ అయిపోతుంది. నేను చేసేది ఏంటంటే, మాట చూడగానే అది ఏ గుంపుకి చెందిందో మాత్రమే చూస్తాను. నా లెక్కలో నాలుగే గుంపులు: ఊపడం, విదిలించడం, నిలపడం, కాచుకోవడం.

ఊపడం అన్నిటికంటే ఈజీ, దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, చిన్నగా వేగంగా ఊపండి, పెద్దగా ఊపితే అలసట తప్ప లాభం లేదు. విదిలించడం గురించి పైన చెప్పేశా.

నిలపడం దగ్గరే అందరూ పోతారు. ఏదో ఒకటి పడిపోకుండా మోయడం, నెమ్మదిగా వంచి పొయ్యడం, గీత దాటకుండా తీసుకెళ్ళడం, ఇవన్నీ ఈ గుంపే. మా చెల్లి కూతురికి ఎనిమిదేళ్ళు, ఊపే ఆటల్లో నన్ను ఉతికి ఆరేస్తుంది, బ్యాలెన్స్ అని వస్తే చాలు లైఫ్ పోయినట్టే. ఒకరోజు ఆట ఆపి దాని చేతినే చూశాను. కమాండ్ రాకముందు ఒక గేమ్‌లో ఊపింది కదా, ఆ ఊపు ఇంకా చేతిలో ఉంది, కంట్రోలర్ చివర అటూ ఇటూ ఊగుతూనే ఉంది, కొత్త గేమ్ మొదలవ్వగానే స్క్రీన్ మీద బొమ్మ మొదటి క్షణంలోనే ఒరిగిపోయింది, దాన్ని సరిచెయ్యాలని అది చెయ్యి ఇంకో వైపుకి ఎక్కువ వంచేసింది, అంతే, పడిపోయింది. దానికి రెండే చెప్పాను. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించు, గేమ్ మారే మధ్యలో గాలి నోటితో ఒకసారి వదులు. మోచెయ్యి ఆన్చితే భుజం కదలదు, కదిలేది మణికట్టు ఒక్కటే, దాన్ని ఆపడం తేలిక. ఆ సాయంత్రానికే బ్యాలెన్స్ ఆటలు వరసగా మూడు దాటింది, అది గెంతిన గెంతులు చూడాలి.

నిలిపే ఆటలో ఒరిగిపోతే వెంటనే ఎదురు వంచకండి, ఒరిగిన దాంట్లో సగమే వెనక్కి తీసుకురండి, బొమ్మ ఆగాక మిగతా సగం. స్క్రీన్ మీద కనిపించేది మీ చేతికంటే రవ్వంత లేటు, మీరు ఇప్పుడు చూస్తున్న ఒరుగుడు అప్పటికే పాతది, దాన్ని చూసి పూర్తిగా దిద్దితే అవతలి వైపు దాటిపోతుంది.

కాచుకోవడం ఇంకో రకం. స్మూత్ మూవ్స్‌లో డిస్కార్డ్ అనే పోజు ఉంది, రిమోట్‌ని బల్ల మీద పెట్టేసి చేతులు తీసెయ్యాలి, అడిగినప్పుడు మాత్రమే ఎత్తాలి. నాకు మొత్తం గేమ్‌లో ఇష్టమైనది అదే, ఎందుకంటే కదలకుండా ఉండటం కూడా ఆటే అని అది నేర్పిస్తుంది. 2017 మార్చిలో స్విచ్‌తో పాటే వచ్చిన 1-2-స్విచ్‌లో క్విక్ డ్రా కూడా ఇదే జాతి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేతులు కిందకి పెట్టుకుని, ఫైర్ అనగానే కంట్రోలర్ ఎత్తి కాల్చాలి. దాంట్లో స్క్రీన్ వైపు చూడకుండా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి ఆడమంటారు, చూపు కంటే చెవి ముందు స్పందిస్తుంది కాబట్టి అది మంచి సలహానే. అనౌన్సర్ ఇంకేదో మాట అని బోల్తా కొట్టించే రకం కూడా ఉంది. అలాంటప్పుడు మొదటి శబ్దానికే లేచిపోకండి, మాట చివరిదాకా చెవిలో పడనివ్వండి, పోయేది చాలా తక్కువ టైమ్, తప్పుగా లేస్తే మాత్రం రౌండే పోతుంది.

ఇంగ్లీష్ ఇంకా సరిగ్గా రాని పిల్లలతో ఆడుతుంటే ముందు రోజే ఆ పదాలు ఒక పేపర్ మీద రాసి, పక్కన తెలుగులో అర్థం కాదు, గుంపు పేరు రాయండి. డాడ్జ్ పక్కన విదిలించు, బ్యాలెన్స్ పక్కన నిలుపు. వాళ్ళకి అర్థం కంటే చెయ్యాల్సిన పని తెలియడం ముఖ్యం.

స్పీడ్ పెరిగినప్పుడు

కొన్ని గేములు దాటాక స్పీడప్ అని వస్తుంది, మ్యూజిక్ వేగం పెరుగుతుంది, దాంతో పాటే ప్రతి గేమ్‌కీ ఇచ్చే టైమ్ తగ్గుతుంది. ఇక్కడ అందరూ చేతులు ఇంకా పెద్దగా విసరడం మొదలుపెడతారు, చెయ్యాల్సింది పూర్తిగా ఉల్టా, స్పీడ్ పెరిగేకొద్దీ కదలిక చిన్నదవ్వాలి. ఒక అడుగు దూరం ఊపేవాళ్ళు జానెడు ఊపండి, జానెడు ఊపేవాళ్ళు బెత్తెడు. దూరం తగ్గితే ఆగడానికి పట్టే టైమ్ కూడా తగ్గుతుంది, తర్వాతి కమాండ్‌కి చెయ్యి ముందే ఖాళీగా ఉంటుంది.

మ్యూజిక్ వినండి, మ్యూట్‌లో మాత్రం ఆడకండి. గేమ్ ఎప్పుడు అయిపోతుందో పాట చెప్తుంది, రెండు మూడు సార్లు విన్నాక చివరి బీట్ ఒంటికి తెలిసిపోతుంది, అప్పుడు టైమర్ వైపు కళ్ళు తిప్పాల్సిన పని ఉండదు. పని ముందే అయిపోతే చెయ్యి అక్కడే ఆపేయండి, గెలిచాం కదా అని సంతోషంగా ఊపితే కొన్ని ఆటల్లో గెలిచింది కూడా చెడిపోతుంది.

బాస్ స్టేజ్, అంటే చిన్న ఆటల వరస చివర వచ్చే పెద్ద ఆట, వచ్చినప్పుడు లెక్క వేరు. అది పొడుగ్గా ఉంటుంది, అంత కంగారు ఉండదు, గెలిస్తే పోయిన లైఫ్ ఒకటి తిరిగొస్తుంది కూడా. కానీ అప్పటిదాకా పరిగెత్తిన ఊపులో జనం అక్కడ కూడా కంగారు పడిపోతారు. బాస్ మొదలవ్వగానే భుజాలు కిందకి వదిలేసి, మొదటి కొన్ని సెకన్లు ఏం జరుగుతోందో చూడటానికే వాడుకోండి, తొందరేం లేదు.

కన్సోల్ లేకుండా ప్రాక్టీస్

ఇది పది నిమిషాల పని, టీవీ కూడా అక్కర్లేదు. ఒకరు స్కేలు గానీ గరిటె గానీ కంట్రోలర్‌లా పట్టుకుని నిలబడాలి, ఇంకొకరు కమాండ్లు అరవాలి. ఊపు, కుడికి, నిలుపు, ఎడమకి, ఆగు. అరిచేవాళ్ళ చేతిలోనే అసలు పనంతా ఉంది, కమాండ్‌కీ కమాండ్‌కీ మధ్య గ్యాప్ ఒకేలా ఉండకూడదు, ఒకసారి వెంటవెంటనే, ఒకసారి నాలుగు సెకన్లు సైలెంట్‌గా ఉండి అప్పుడు. పది కమాండ్లలో కనీసం మూడు ఆగు అయ్యుండాలి. నిలబడ్డవాళ్ళ చెయ్యి కమాండ్ల మధ్యలో కదిలిందా లేదా అనేది మాత్రమే చూడండి, కరెక్ట్‌గా చేశారా లేదా అనేది తర్వాత. మధ్యలో కదిలితే మళ్ళీ మొదటి నుంచి.

నిలిపే గుంపుకి ఇంకో పద్ధతి, గరిటె మీద ఒక నిమ్మకాయ పెట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి, మధ్యలో ఎవరైనా కుడికి అని అరిస్తే నిమ్మకాయ పడకుండా కుడికి తిరగాలి. పిల్లలకి ఇది గేమ్ కంటే ఎక్కువ నచ్చేస్తుంది ఒక్కోసారి, మా ఇంట్లో అయితే కన్సోల్ ఆన్ చేద్దామా అంటే ఇంకొక్కసారి నిమ్మకాయ అంటుంది మా చెల్లి కూతురు.

నిజంగా ఆడేటప్పుడు మాత్రం అరగంటకి ఒకసారి ఆపి కంట్రోలర్లు చేతులు మార్చుకోండి, మణికట్టు నొప్పి పెడుతుంటే ఆ రోజుకి అక్కడితో ఆపేయండి.